కలగూరగంప

పత్రికలో రాసినాయన ఆ మాటే వాడాడు.
మెచ్చుకున్నాడో, మూతి విరిచాడో
నాలుగుసార్లు చదివినా తేలలేదు.

నేను పియానోలు శ్రుతి చేసేవాణ్ణి. పేరు విల్మార్.
కుడిచెవి సగమే పలుకుతుంది,
దాని వంతు చాకిరీ కూడా ఎడమదే చేస్తుంది.
మోంతెవీదెయోలో, మూతబడ్డ టైలర్ దుకాణం పైన
నెవార్త్ పియానో.
మెట్లదారి ఇరుకని కిటికీ చట్రం ఊడగొట్టి
తాళ్ళతో పైకి లాగిన రోజు నేనూ ఓ తాడు పట్టాను.
అందుకే ఆ పెట్టె మీద నాకూ కాస్త హక్కుందనుకుంటాను.

రికార్డింగుకి ముందు పిలిచింది.
ఎనభై ఏడు మెట్లు సరిచేశాను.
మిగిలిన ఆ ఒక్కటీ, మధ్యకి కొంచెం ఎడమగా ఉన్నది,
నొక్కితే దిగుతుంది, లేవమంటే బద్ధకం,
మధ్యాహ్నం నిద్రలోంచి పిల్లాణ్ణి లేపినట్టు.
"దాన్ని ముట్టుకోకు" అంది.
"అక్కడ మెట్టు విరిగిందని నా వేళ్ళకి తెలుసు.
చీకట్లో ఇల్లు చేరే మనిషిలా దాటుకుంటాయి."

పదకొండు పాటలు.
మొదటిది డప్పులది.
కార్నివాల్ రాత్రి వీధి మలుపులో పాత పేపర్లు మంటేసి
చర్మం కాచుకుంటారే,
ఆ వేడి ఎక్కేదాకా ఓపిక పట్టిన చప్పుడు,
పియానో మూత మీద అరచేత్తో.
రెండోదాంట్లో ఎవరో చర్చిలో మోకాళ్ళ మీదున్నారు.
మూడోదాంట్లో వాళ్ళే బార్లో ఉన్నారు.
నాలుగోది వాళ్ళ నాన్న పనిచేసిన మాంసం ఫ్యాక్టరీ సైరన్:
తెల్లారి ఐదింటికొకటి, మధ్యాహ్నం రెండింటికొకటి,
మూసేసిన రోజు ఎవడో కోపంతో ఆపకుండా ఊదింది ఇంకొకటి.
ఐదోది నలభై సెకన్లు. వాన, పెడల్ కిర్రు. అంతే.
ప్లేయర్ చెడిందని మా ఆవిడ దాన్ని రెండుసార్లు తట్టింది.

ఆరోది నాయనమ్మ పాట. అర్మేనియన్.
నెవార్త్‌కి ఆ భాష రాదు.
ముసలావిడ కాఫీ గింజలు తిప్పుతూ పాడిన శబ్దాన్ని
శబ్దంగానే దాచుకుంది,
మూత తీయని డబ్బాలా.
ఓ రోజు వాళ్ళ చర్చి పెద్దాయనొకడు వచ్చి విన్నాడు,
నవ్వాడు, తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.
"ఇందులో సగం మాటలు ఏ భాషలోనూ లేవమ్మా."
"మిగతా సగం?"
"ధరలు. పప్పు ఇంత, సబ్బు ఇంత.
మీ నాయనమ్మ లెక్క చూసుకుంటోంది."
నెవార్త్ పాట మార్చలేదు.
పేరొక్కటే మార్చింది: సబ్బు.

ఆమెది పాటగత్తె గొంతు కాదు.
సిగరెట్లు మానేసి ఆరేళ్ళయినా
పొగ ఇంకా ఖాళీ చెయ్యని గది.
పై స్థాయి దాకా వెళ్తుంది,
గడప దాటదు,
గుమ్మంలో నిలబడి లోపల ఎవరున్నారో చూసి వస్తుంది.

ఆదివారం త్రిస్తాన్ నార్వాహా సంతకెళ్ళాను.
పంజరాల్లో పిట్టలు, ఒంటి బూట్లు,
తాళాలు పోయిన తాళంచెవులు,
తెలియనివాళ్ళ పెళ్ళిఫొటో పక్కన వంకాయలు.
పాత రికార్డులమ్మే ఎలియో బుర్ర గోక్కున్నాడు.
"ఏ అరలో పెట్టను? టాంగోలోనా? ప్రార్థనల్లోనా?
పిల్లల పాటల్లో పెడితే తల్లులు కొడతారు."
చివరికి నది గాలికి ఎగరకుండా
బిల్లు కాగితాల మీద బరువుగా పెట్టాడు.
ఎవరో ముసలమ్మ కాగితాలు ఎగిరిపోయినా లెక్కచెయ్యక
దాన్ని కొనుక్కుపోయింది.
మేమిద్దరం వీధంతా పరిగెత్తి బిల్లులేరుకున్నాం.

చివరి పాట గురించి చెప్పకూడదనుకున్నాను.
పది పాటలు దాటుకుంటూ వచ్చిన ఆ మెట్టు మీద
అక్కడ కాలు పెడుతుంది.
అది దిగుతుంది. లేవదు.
లేవలేదు గనుక మోగుతూనే ఉంటుంది.
ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నట్టుంది,
కింద వీధిలో బస్సు గేరు మార్చడం వినబడుతుంది,
ఆ మోత సన్నబడి, సన్నబడి,
ఉందో లేదో తెలియని చోట
ఆమె పాట మొదలుపెడుతుంది.
ఎడమచెవి ఆగిపోయిందంది.
కుడిది ఇంకా ఉందంటుంది.

వచ్చే నెల మళ్ళీ శ్రుతి చెయ్యాలి.
బిల్లు ఎనభై ఏడు మెట్లకే వేస్తాను.